ఒంటిగింజలు

పదకొండేళ్ళలో మునెమ్మ చేతుల మీదుగా పోయిన కాఫీ గింజల్ని ఒకచోట పోస్తే రేణిగుంట గూడ్సు షెడ్డు నిండుతుంది. అయినా మంచి కాఫీ ఎట్లా ఉంటుందో ఆమె నాలుక ఎరగదు.

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి వెనక సందులో పరంధామయ్య కాఫీ గింజల కొట్టు ఉంది. అక్కడ ఆరుగురు ఆడవాళ్ళు చేటలు ముందేసుకుని పొద్దస్తమానం గింజలేరుతారు. మంచివి గోతాంలోకి పోతాయి. నల్లబడినవి, పుచ్చినవి, విరిగినవి ఎవరి పక్కనున్న బుట్టలోకి వాళ్ళు వేస్తారు. శనివారం సాయంత్రం ఎవరి బుట్టలో చెత్త వాళ్ళు మూటగట్టుకుని పోవచ్చు. పరంధామయ్య నాయన కాలం నుంచి వస్తున్న వాడుక అది. ఆ చెత్తనే మాడ్చి, దంచి, బెల్లమేసి కాచుకుంటారు. వాళ్ళ ఇళ్ళలో కాఫీ అంటే అదే.

మునెమ్మ మొగుడు కుప్పయ్య గూడ్సు షెడ్డులో సిమెంటు మూటలు మోసి మోసి రొమ్ము పాడుచేసుకున్నాడు. డెబ్భై ఎనిమిదో సంవత్సరం చలికాలంలో దగ్గితే నెత్తురు పడింది. క్షయ అన్నాడు డాక్టరు. అతని గ్లాసు, కంచం వేరే పెట్టమన్నాడు, శానిటోరియంలో చేర్పించమన్నాడు. అక్కడ మంచం ఖాళీ అయ్యేసరికి ఆరు నెలలు పడుతుందన్నారు. కుప్పయ్యను చూసినవాళ్ళెవరూ అతనికి ఆరు నెలలున్నాయని అనుకోలేదు.

ఉన్న దారి ఒక్కటే. హైస్కూల్లో సంస్కృతం అయ్యవారు శఠగోపం బావమరిది ఆ శానిటోరియం ఆఫీసులోనే పెద్ద ఉద్యోగి. అయ్యవారు ఒక చీటీ రాసిస్తే పది రోజుల్లో మంచం దొరుకుతుంది. నెలనెలా వాళ్ళింటికి గింజలు తీసుకెళ్ళి ఇచ్చేది మునెమ్మే కాబట్టి ధైర్యం చేసి అడిగింది. శఠగోపం చదువుతున్న పేపరు దించలేదు. చూద్దాంలే అన్నాడు.

చూద్దాంలే అన్నవాడి దగ్గరికి రెండోసారి ఒట్టి చేతులతో పోకూడదని ఆమెకు తెలుసు. కానీ ఏం తీసుకుపోవాలి? వాళ్ళు బయట చేసిన మిఠాయి ముట్టరు. కొట్లో వేయించిన పొడి కూడా గడప దాటనివ్వరు. పచ్చి గింజలైతేనే తీసుకుంటారు. అయ్యవారి భార్య అమృతవల్లి మడి కట్టుకుని తన పొయ్యి మీద తానే వేయించుకుంటుంది. శఠగోపానికి లోకంలో ఇంకే వ్యసనమూ లేదు గానీ, కాఫీ బాగా లేకపోతే ఆ రోజు బళ్ళో పిల్లల వీపులు చెబుతాయి.

కాఫీ పండులో మామూలుగా రెండు బద్దలుంటాయి. ఎక్కడో ఒక పండులో ఒక్క గింజే గుండ్రంగా, గట్టిగా పడుతుంది. కొట్లో దాన్ని ఒంటిగింజ అంటారు. రుచంతా దానిదేనట. పరంధామయ్య వాటిని వేరే ఏరించి మొత్తం మద్రాసుకు పంపిస్తాడు. ఊళ్ళో ఎవరికీ గిద్దెడు కూడా అమ్మడు.

మునెమ్మ దొంగ కాదు. ఆ సంగతి గోడ మీది గడియారాన్ని నమ్మినట్టు నమ్మేవాడు పరంధామయ్య. అటువంటి మనిషి ఒక సోమవారం పొద్దున ఒక ఒంటిగింజను వేలితో పక్కకు నెట్టి చెత్త బుట్టలో వేసింది. చెవులు వేడెక్కాయి. ఎవరూ చూడలేదు. ఇంకొకటి నెట్టింది. నాలుగు శనివారాలు ఆమె మూటలో చెత్తతోపాటు ఒంటిగింజలు ఇంటికి పోయాయి.

ఆదివారం ఎండలో, అలిపిరి దారిలోని తన గుడిసె ముందు కూర్చుని వాటిని మళ్ళీ ఏరింది. చిన్నది, సొట్టది, మచ్చ ఉన్నది తీసిపారేసింది. కుప్పయ్య గోడకానుకుని చూస్తున్నాడు.

"ఒక పిడికెడు కాచి చూడరాదా. ఎట్లుంటాదో."

"నువ్వు బాగై తిరిగొచ్చినంక తాగుదువులే. ఇవి నీ మంచానికి."

అతను మళ్ళీ అడగలేదు. కాదన్న ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంటూనే ఉండింది.

ఆ సాయంత్రమే గింజల్ని కొత్త డబ్బాలో పోసి అమృతవల్లికి ఇచ్చింది. మర్నాడు ఆ వీధి వీధంతా వాసన. గురువారం మునెమ్మ గుమ్మం ముందు నిలబడితే శఠగోపం తానే బయటికొచ్చాడు.

"ఇంత మంచి గింజ నేను పుట్టి ఎరగను మునెమ్మా. సోమవారం వచ్చి చీటీ తీసుకుపో."

ఆ నాలుగు రాత్రులూ ఆమె కంటినిండా నిద్రపోయింది.

సోమవారం బడికి పోతూ శఠగోపం కొట్లోకి వచ్చాడు. మూటల వెనక చేట ముందున్న మునెమ్మకు అతని గొంతు వినిపించింది.

"ఏమయ్యా పరంధామయ్యా, ముప్పై ఏళ్ళుగా నీ దగ్గర కొంటున్నానే, నాకెప్పుడైనా ఒంటిగింజ ఇచ్చినావా? మునెమ్మకైతే ఇస్తావు. నాకూ ఒక వీశె కట్టు."

పరంధామయ్య చేతిలో తూకపురాయి పక్కన పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"అది నేను అమ్మిన సరుకు గాదు సామీ."

శఠగోపం ముఖం మాడిపోయింది. ఇంకొక్క మాట లేకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. పరంధామయ్య లోపలికొచ్చి మునెమ్మ బుట్టను నేల మీద బోర్లించాడు. ఆ రోజు అందులో ఉన్నవన్నీ నల్లగింజలే. కాదని బొంకి ఉంటే బొంకగలిగేది. ఆమె తల వంచుకుని, ఎందుకు తీసిందో చెప్పింది.

"అడిగింటే ఇచ్చేవాణ్ణి గదా" అన్నాడు పరంధామయ్య.

ఇచ్చేవాడో లేదో ఆ గోవిందరాజస్వామికే తెలియాలి. మర్నాటి నుంచి రావద్దన్నాడు. ఇకమీదట ఎవరికీ శనివారం మూట లేదన్నాడు. పక్కన కూర్చునే నిర్మలమ్మ, పదకొండేళ్ళు ఆకూ వక్కా పంచుకున్న మనిషి, "మా నోట్లో గూడా మన్ను కొట్టినావు గదమ్మా" అని ముఖం తిప్పుకుంది. మునెమ్మ చేట గోడకానించి బయటికొచ్చింది.

అయినా సాయంత్రం శఠగోపం ఇంటికి పోయింది. పోకపోతే మొగుడి ముఖం ఎట్లా చూస్తుంది? అమృతవల్లి డబ్బా తెచ్చి అరుగు మీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగింది.

"దొంగసొత్తు ఇంట్లో ఉంచొద్దన్నారు. నేను చెప్పి చూసినాను, వినలేదు. తీసుకుపో మునెమ్మా."

"చీటీ, అమ్మా?"

అమృతవల్లి నేలచూపులు చూసింది. డబ్బాలో సగం గింజలున్నాయి. తాగేసిన సగం మాత్రం అయ్యవారి నిష్ఠకు అడ్డం రాలేదు.

గుడిసెలో మునెమ్మ పొయ్యి ముట్టించింది. మంగలంలో గింజలు వేయించి, రోట్లో దంచి, పక్కింట్లో అరగ్లాసు పాలు అడిగి తెచ్చి, గుడ్డలో వడగట్టింది. వాసనకు కుప్పయ్య లేచి కూర్చున్నాడు. అతని గ్లాసులో పోసి ఇచ్చింది. కుప్పయ్య రెండు చేతులతో పట్టుకుని, గుక్కకు గుక్కకు మధ్య ఆగి తాగాడు.

"ఇట్లాంటిదా వాళ్ళు దినమూ తాగేది" అన్నాడు. గ్లాసు దించి, "చీటీ ఇయ్యలేదు గదా?"

"నేనేం చెప్పలేదే."

"ఇచ్చింటే ఈ గింజలు ఈడికెందుకొస్తాయి."

దగ్గు వచ్చింది. తగ్గేదాకా ఆమె అతని వీపు నిమిరింది. అతను మూతి తుడుచుకుని, సగమున్న గ్లాసు ఆమె వైపు జరిపాడు.

"ఇన్నేండ్లు ఏరినావు. నువ్వూ తాగు."

మునెమ్మ వేరే గ్లాసు కోసం లేవలేదు. దాన్నే అందుకుని, మిగిలిందంతా తాగింది.