సర్ది పెట్టిన బ్యాగు

నేను ఒక రెక్సిన్ బ్యాగును. బెల్లం రంగు, ఇత్తడి జిప్పు, రెండు పిడులు. ఊళ్లు తిరగడానికి పుట్టాను. తిరిగింది ఒక్క మద్రాసు. అదీ వెళ్లిన మర్నాడే వెనక్కి వచ్చేశాను. అయినా నన్ను సర్దినన్నిసార్లు మీ ఇంట్లో ఏ బ్యాగునూ సర్ది ఉండరు.

మొదటిసారి సర్దిన రోజు చెబుతాను. 1983 జూన్. నరసరావుపేటలో క్రైస్తవులుండే పేట, రెండు గదుల పెంకుటిల్లు. నులక మంచం మీద రెండు బ్యాగులు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. పెద్దది మా అక్క, చిన్నదాన్ని నేను. అక్కలో తబిత తన తెల్ల యూనిఫారాలు, బైబిలు, చింతకాయ పచ్చడి సీసా సర్దుకుంటోంది. మిషను ఆస్పత్రిలో చాలా ఏళ్లు నర్సుగా చేసిన మనిషి. భర్త కామెర్లతో పోయి రెండేళ్లయింది. ఒక చలిదేశానికి నర్సులు కావాలని ఆస్పత్రికి కబురొస్తే, కూతుర్ని బాగా చదివించుకోవచ్చని పేరిచ్చింది. ఆ దేశం పేరు నేను చెప్పను. చెబితే తప్పంతా ఆ ఒక్క దేశానిదే అనుకుంటారు.

ఆ కూతురు హెప్సిబా. ఆరేళ్లది. మంచం కోడు పట్టుకుని నిలబడింది.

"నావేవి? నా గౌన్లు కూడా పెట్టవే అమ్మా."

"ఇప్పుడు కాదే బంగారం. ముందు నేను పోయి ఇల్లు చూసుకోవాలి గదా."

"అయితే నువ్వు కూడా పోబాక."

తబిత చేతిలో మడత పెడుతున్న చీర మడత తప్పింది. గుమ్మంలో నిలబడ్డ చెల్లెలు లేయ అందుకుంది. "ఏడవబాక అక్కా. కళ్లు వాచినయ్యంటే, ఫొటోలో ఉన్నది ఈమె కాదని ఎయిర్‌పోర్టులోనే ఆపేస్తారు."

తబిత నవ్వింది. కళ్లు తుడుచుకుని నన్ను దగ్గరికి లాక్కుంది. నాలో రెండు గౌన్లు, రిబ్బన్లు, పౌడరు డబ్బా, పలక పెట్టింది. జిప్పు లాగి పిడి మీద చెయ్యి వేసి చెల్లెలితో అంది: "దీన్ని ఇట్టాగే ఉంచు లేయా. విప్పబాక. కబురు రాంగానే పిల్లను ఎక్కించడమే."

బస్టాండుకు మమ్మల్నిద్దర్నీ తీసుకెళ్లారు. పిల్ల ఊరుకోదని నన్ను కూడా. అక్కను గుంటూరు బస్సు పైకెక్కించారు. నన్ను పిల్ల పట్టుకుంది. బస్సు మలుపు తిరిగేదాకా పట్టుకునే ఉంది.

నన్ను చేసింది గుంటూరు పట్నం బజారులో మస్తాన్. ఒకే తానులోంచి మా ఇద్దర్నీ కత్తిరించాడు. కొనేటప్పుడు తబిత "ఎన్నాళ్లుంటయ్యి?" అనడిగితే, "పెద్దదానికి చెప్పలేనమ్మా, తిరిగేది గదా. చిన్నది చిరగదు. చిన్నబ్యాగుల్ని ఎవరూ ఎక్కడికీ తీసుకుపోరు" అన్నాడు. అప్పుడది బేరం కుదిర్చే మాటే. ఇప్పటికీ నాకు ఒక్క కుట్టు ఊడలేదు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. హెప్సిబాను కన్నది తబిత కాదు, లేయ. ఇది రహస్యమేం కాదు. పేటలో కోళ్లకు కూడా తెలుసు. తబితకు పెళ్లయి పదేళ్లయినా పిల్లల్లేరు. లేయకు ఇద్దరు మగపిల్లలు. మూడోసారి నెల తప్పినప్పుడు లేయ తనంతట తానే అంది, "అక్కా, ఈ కడుపులోది నీది." కాన్పు మిషను ఆస్పత్రిలోనే అయింది. డ్యూటీలో ఉన్న తబితే బిడ్డను చేతుల్లోకి అందుకుంది. నలభై రోజులు దాటాక ఒక ఆదివారం, ఆరాధన మధ్యలో, లేయ లేచి బిడ్డను అక్క ఒళ్లో పెట్టింది. పాస్టరుగారు ప్రార్థన చేసి సంఘాన్ని అడిగారు, "మీరంతా సాక్షులేనా?" సంఘమంతా సాక్షులమే అంది. ముసలి సారమ్మైతే రెండుసార్లు అందట, చెవుడు కాబట్టి.

ఇదంతా నేను పుట్టకముందు సంగతి. లేయ నోట ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. ఎందుకంటే తర్వాత ఆమె ప్రతి గుమ్మంలోనూ ఇదే చెప్పుకోవాల్సి వచ్చింది.

గుడి పుస్తకంలో పిల్ల తల్లి పేరు తబిత. బడిలోనూ తబితే. ఆస్పత్రి పుస్తకంలో మాత్రం కన్నతల్లి లేయ. రెండూ నిజమే. మా పేటలో ఆ రెండు నిజాలూ ఒకే పంక్తిలో కూర్చుని అన్నం తిన్నాయి. ఎవరికీ పొలమారలేదు. ఆ దేశం వాళ్లకు మాత్రం ఒకటి నిజమైతే రెండోది దొంగతనం.

రెండేళ్లకు తబిత పిల్ల కోసం దరఖాస్తు పెట్టింది. మద్రాసులో ఆ దేశం వాళ్ల ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. లేయ పిచ్చిది, పిలిచారంటే పంపిస్తారనే అనుకుంది. నన్ను కొత్తగా సర్దింది. నరసరావుపేటలో ఉన్ని స్వెట్టరు ఎక్కడ దొరుకుతుంది? పాస్టరమ్మగారి పాత శాలువా విప్పి, ఆ ఉన్నితో తనే అల్లింది. మే నెలలో పిల్లకు తొడిగి కొలత చూసింది. పిల్ల ఒళ్లంతా పొక్కులు పేలాయి. ఆ స్వెట్టరును నాలో కుక్కి, నన్ను నెత్తిన పెట్టుకుని పిల్లతో మద్రాసు మెయిలెక్కింది.

మద్రాసు ఆఫీసు గుమ్మం దగ్గర కాపలా మనిషి తెలుగువాడే. నన్ను చూసి నవ్వాడు.

"ఏందమ్మా, మూటాముల్లే తెచ్చుకున్నావు? ఇయ్యాలే ఎక్కిస్తారనుకున్నావా?"

"ఎక్కించకపోతే ఎందుకు పిలిచారయ్యా?" అంది లేయ.

లోపల తెల్లాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పక్కన మాట మార్చి చెప్పే ఒకావిడ. నేను లేయ కాళ్ల దగ్గర ఉన్నాను. ఆయన పిల్లనడిగాడు, ఈమె ఎవరని.

"మా పిన్ని."

"నిన్ను కన్నదెవరు?"

"పిన్నే. కని అమ్మకిచ్చింది."

ఎనిమిదేళ్ల పిల్ల, అబద్ధం చెప్పడం ఎవరూ నేర్పలేదు. ఆయన కలం ఆపి లేయ వైపు తిరిగాడు. ఇవ్వడమంటే ఎలా ఇచ్చారని అడిగాడు.

"అక్క ఒళ్లో పెట్టానండీ. సంఘమంతా చూసింది."

"కాగితం ఉందా?"

"అక్కచెల్లెళ్ల మధ్య కాగితమేందండీ?"

తర్వాత ఆయన అడిగిన ప్రశ్నకు నా జిప్పు పళ్లు కొరుక్కున్నాయి. మా దేశంలోకి పంపడానికే పిల్లను మీ అక్క బిడ్డగా చూపిస్తున్నారా, అన్నాడు. లేయ లేచి నిలబడింది.

"ఈ పిల్లను ఇచ్చిన నాటికి మీ దేశం ఏ దిక్కునుందో మా అక్కకు తెలియదండీ. నాకు ఇప్పటికీ తెలియదు."

పక్కావిడ ఆ మాటను పూర్తిగా మార్చి చెప్పిందో లేదో నాకు అనుమానమే. చాలా కొద్ది మాటల్లో ముగించింది.

వెనక్కి వచ్చాం. మూడు నెలలకు జవాబొచ్చింది. తల్లీబిడ్డల సంబంధం రుజువు కాలేదట. పిల్లకు జ్వరమొస్తే రాత్రంతా ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం రుజువు కాదు. పిల్ల ఆకలి పిల్లకన్నా ముందే తెలియడం రుజువు కాదు. కుక్కకు కూడా తన పిల్ల ఏదో ఎవరికీ చూపించక్కర్లేదు. మనిషికి కావాలట, ముద్ర వేసి.

లేయ గుంటూరు వెళ్లి వకీలును కలిసింది. ఆయనా మన సంఘంవాడే, మంచివాడు. దత్తత కాగితం రాయించమని అడిగింది. అక్కడి మాటలు ఆమె ఇంటికొచ్చి చెబితే విన్నవే.

"మనకు దత్తత చట్టం లేదమ్మా. కోర్టుకు పోతే మీ అక్కను గార్డియన్‌గా వేస్తారు. అమ్మ అని మాత్రం రాయరు."

"మా ఎదురింటి సుబ్బాయమ్మగారు మేనల్లుణ్ణి దత్తత చేసుకున్నారు గదండీ?"

"వాళ్లు హిందువులు. వాళ్లకు చట్టం ఉంది."

 లేయ అడిగింది, "అయితే వాళ్ల ఒడి ఒడీ, మా ఒడి గుడ్డపేలికా అండీ?"

వకీలుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. 

గార్డియన్ కాగితం తెచ్చుకోవడానికి రెండేళ్లు పట్టింది. ఆ దేశం వాళ్లు దాన్ని చూసి, గార్డియన్ తల్లి కాదు కదా అన్నారు. తబిత అక్కడే మళ్లీ అప్పీలు పెట్టింది. ఇక చూడండి వాళ్ల నిబంధన. పిలిపించుకునే మనిషి ఆ దేశంలోనే ఉండాలి, అక్కడే పని చేస్తూ ఉండాలి. వదిలి వెళితే ఫైలు మూసేస్తారు. సెలవు మీద వచ్చి చూసిపోతానంటే, తిరిగి రానిస్తారో లేదో ఎవరూ గట్టిగా చెప్పరు. కుటుంబాలను కలపడానికే ఈ పద్ధతి పెట్టామని వాళ్ల పుస్తకాల మీద అచ్చేసుకుంటారు. బిడ్డను దగ్గరికి తెచ్చుకోవాలంటే ముందు బిడ్డకు దూరంగా ఉండి చూపించాలి. ఇంత తెలివి ఉన్నవాళ్లకు ఒక చిన్న పిల్ల ఎవరి కూతురో తెలియలేదు!

అప్పీలు కదిలిందని కబురొచ్చినప్పుడల్లా నన్ను దించారు. పొట్టి గౌన్లు తీసి పొడుగు గౌన్లు పెట్టారు. తర్వాత పరికిణీలు వచ్చాయి, ఓణీలు వచ్చాయి. పలక పోయి జామెట్రీ బాక్సు వచ్చింది. స్వెట్టరును లేయ విప్పి పెద్దది అల్లింది, మళ్లీ విప్పి ఇంకా పెద్దది అల్లింది. ఉన్ని చాలక చివరికి చేతులు ఒక రంగు, ఒళ్లు ఒక రంగు అయ్యాయి. హెప్సిబా దాన్ని చూసి "ఇది తొడుక్కుని దిగితే అమ్మ నన్ను కాదు, నిన్ను గుర్తుపట్టిద్ది పిన్నీ" అని నవ్వేది. నవ్విన పిల్లే ఒకనాడు నన్ను కాలితో తన్నింది. ఎందుకు తన్నిందో నాకు తెలుసు. నాకు కోపం రాలేదు.

పేటలో వాళ్లు కూడా తక్కువ తినలేదు. "మీ అక్కకు అక్కడ ఎవరో దొరికుంటాడు, అందుకే రావట్లా" అన్నారు కుళాయి దగ్గర. సాక్షులమే అన్న నోళ్లే అవి. లేయ బిందె కింద పెట్టి, అన్నవాళ్లందరి పుట్టుపూర్వోత్తరాలు అక్కడికక్కడే చదివి వచ్చింది.

1995లో పిల్లకు పద్దెనిమిది నిండాయి. ఆ దేశం జవాబు పంపింది. ఇప్పుడామె పెద్దదైంది, కాబట్టి పిల్ల కింద రాదు, ఫైలు మూస్తున్నాం. ఈ పదేళ్లూ వాళ్లు జవాబివ్వలేదని కాదు. జవాబులు ఇస్తూనే ఉన్నారు. కాలం వాళ్ల తరఫున పని చేసిపెట్టింది, అంతే.

తర్వాతి జనవరిలో తబిత మా బజారులోని టెలిఫోను బూత్‌కు ఫోను చేసింది. బూత్ అబ్బాయి పరుగెత్తుకొచ్చి పిలిచాడు. వాళ్లు వెళ్లి మాట్లాడి వచ్చి, ఇంట్లో ఆ మాటలే మళ్లీ మళ్లీ అనుకున్నారు కాబట్టి నాకూ తెలుసు.

"లేయా, ఇంక కాపలా కాయడానికి ఫైలు లేదు. ఈస్టరుకు వస్తున్నా. ఆరాధనకు నాకో తెల్లచీర తీసిపెట్టు."

హెప్సిబా ఫోను లాక్కుని అందట, "ఈసారి నేను సర్దనమ్మా. నువ్వే సర్దుకో."

చీర కొన్నారు. ఈస్టరు ఇంకో రెండు వారాలుందనగా కబురొచ్చింది. వార్డులో పని చేస్తూనే తబిత కూలిపోయింది. గుండె. అంత్యక్రియలకు పంపమని హెప్సిబా మద్రాసుకు రాసుకుంది. దగ్గరి బంధువని రుజువు పంపమన్నారు. ఆ జాబు చేరేసరికి అక్కడ మట్టి కప్పేశారు.

జులైలో పార్సిలొచ్చింది. అక్కడి ఆస్పత్రి వాళ్లు పంపిన తబిత వస్తువులు. పార్సిలు మీద అతికించిన కాగితాన్ని హెప్సిబా తెలుగు చేసి చదివింది. తబిత కుమార్తె అయిన హెప్సిబాకు, అని ఉంది. తబిత తన దగ్గరి మనిషి ఎవరని అడిగినప్పుడు కూతురు పేరు చెప్పింది, వాళ్లు రాసుకున్నారు. అడ్డం చెప్పలేదు. రుజువేం అడగలేదు. ఆ దేశపు ముద్రే దాని మీద ఉంది.

లేయ ఆ కాగితాన్ని వేలితో పొడిచింది.

"ఇప్పుడు కూతురంటా! బతికున్న అమ్మ దగ్గరికి పోవడానికి కాదంట, సచ్చిన అమ్మ గుడ్డలు తీసుకోవడానికి కూతురంట! ఏం మనుషులే వీళ్లు, ఏం చదువులే వీళ్లవి!"

హెప్సిబా అట్టపెట్టె తాడు కోసింది. లోపల ఉన్నది మా అక్క. రంగు వెలిసి, ఒక పిడి తెగి, తాడుతో కట్టి ఉంది. మస్తాన్ అన్నట్టు తిరిగి తిరిగే చిరిగిందనుకున్నాను. యూనిఫారాలు, బైబిలు, అన్నిటికీ అడుగున ఒక ఎర్రకోటు. ఆరేళ్ల పిల్లకు సరిపోయేది. ధర చీటీ ఇంకా వేలాడుతోంది. విమానం దిగగానే తొడుగుదామని మొదటి చలికాలంలోనే కొని ఉంటుంది. పంపలేదు. వచ్చే పిల్లకు పంపడమెందుకు?

హెప్సిబా ఆ కోటును తీసి నాలో పెట్టి జిప్పు లాగింది. నన్ను సర్దడం అదే చివరిసారి.

ఇప్పుడు మేమిద్దరం అటక మీద పక్కపక్కనే ఉన్నాం. హెప్సిబా బళ్లో పంతులమ్మ. ఏటా క్రిస్మస్‌కు సున్నాలేసేటప్పుడు ఆమె భర్త మమ్మల్ని దించి, "ఇవి పాతసామాన్లవాడికి వేసేద్దామా అత్తయ్యా, ఎలుకలు చేరుతున్నయ్యి" అంటాడు. లేయకు ఇప్పుడు చూపు ఆనదు. తడిమి చూసి, "ఆ పక్కకు పెట్టు నాయనా" అంటుంది. పెడతాడు.

అక్కను అడుగుతుంటాను, ఆ దేశం ఎలా ఉంటుందని. అదీ సరిగ్గా చెప్పలేదు. పదమూడేళ్లూ మంచం కిందే ఉందట, ఎప్పుడైనా బయల్దేరాల్సి వస్తుందని, సగం సర్ది.

తబిత 1983 జూన్‌లో నరసరావుపేట బస్టాండులో గుంటూరు బస్సెక్కింది. 1996 మార్చిలో ఆ దేశంలో చనిపోయింది. ఈ మధ్యలో ఒక్కసారి కూడా తిరిగి రాలేదు.