వదులు ముడి

నేను ఒక నల్ల రికార్డును. నిమిషానికి నలభై అయిదు చుట్లు తిరిగేదాన్ని. ఇప్పుడు తిరగడం లేదు కనుకే ఇంత తీరిగ్గా మాట్లాడుతున్నాను.

కలకత్తాలో వేడి అచ్చు కింద అప్పడంలా అణిగి పుట్టాను. పాట మాత్రం మద్రాసులో పాడినది. పాడినావిడ పేరు నా నడుమ అంటించిన ఎర్ర కాగితం మీద పెద్ద అక్షరాల్లో ఉంది. ఫిడేలు ఆయన, మృదంగం ఆయన పేర్లు చిన్న అక్షరాల్లో ఉన్నాయి. తంబురా మీటిన వరహాలమ్మ పేరు ఎక్కడా లేదు. తంబురా వాళ్ల పేరు వేసే అలవాటు అప్పట్లో లేదు. కూరలో ఉప్పును ఎవరు పొగుడుతారు?

ఆనాటి సంగతి వరహాలమ్మే ఇంటికొచ్చిన వాళ్లతో చెబుతుంటే విన్నాను. మైకు ముందు కూర్చోగానే రికార్డింగు ఆయన గాజులు తీసేయమన్నాడట. "గొలుసు తీయమంటే తీస్తాను. ముత్తైదువని, చేతులు బోసిగా పెట్టుకుని కూర్చోను" అందట ఈవిడ. వెంట వెళ్లిన భర్త నరసింగరావు, విజయనగరం దగ్గర జనపనార మిల్లులో టైమ్‌కీపరు, ఆ మట్టిగాజులను మోచేతి వైపు తోసి తన జేబురుమాలుతో కట్టాడు. నొప్పెడుతుందేమోనని వదులుగా కట్టాడు. రెండో చరణం ముందు, అందరూ ఆగిన చోట, ముడి జారింది. రెండు గాజులు ఒకదానికొకటి తగిలి గల్లుమన్నాయి. పాడినావిడ మళ్లీ పాడనని లేచిపోయింది. ఆ చప్పుడు నా గాడిలో అలాగే ఉండిపోయింది.

"మీ ముడి సంగతి నాకు తెలీదూ! పెళ్లినాటి మూడు ముళ్లూ ఎలా నిలిచాయో" అని వరహాలమ్మ ముప్పై ఏళ్లు ఆయన్ని దెప్పింది. అంతకంటే ముద్దయిన మాట ఆ ఇంట్లో ఇంకోటి నేను వినలేదు. ఆ జేబురుమాలును ఆయన మళ్లీ వాడనూ లేదు, పారేయనూ లేదు.

ఆవిడ పోయాక నరసింగరావు రోజూ పొద్దున్నే కాఫీ తాగి నన్ను ప్లేయరు మీద పెట్టేవాడు. రెండో చరణం దగ్గరికి రాగానే ఆయన చూపుడువేలు గాల్లోకి లేచేది. గల్లుమనగానే దిగేది. అంతే, తక్కిన పాట ఆయన విన్నాడో లేదో నాకు అనుమానమే. ముల్లు తాకిన ప్రతిసారీ నేను కొంచెం అరుగుతాను. అది ఆయనకూ తెలుసు. అందుకే రోజూ పెట్టేవాడు కాస్తా శుక్రవారాలకు, ఆ తర్వాత పండగలకు దిగాడు. వాడితే ఆవిడ చప్పుడు అయిపోతుందని ఆయనకు భయం. పండగ ఎప్పుడొస్తుందా అని నాకు ఎదురుచూపు.

ఆయన మేనకోడలు హైమ విశాఖపట్నంలో సౌండు రికార్డింగు పని చేస్తుంది. మావయ్య బెంగ చూడలేక నా పాటను కంప్యూటరులోకి ఎక్కించుకుని, నెల తర్వాత అగ్గిపెట్టెంత డిజిటల్ ప్లేయరులో పెట్టి తెచ్చింది. చిన్న స్పీకరుకు తగిలించింది.

నిజం ఒప్పుకోవాలి. గొప్పగా ఉంది. నా గరగరా లేదు, చిటపటా లేదు. ఇన్నేళ్లూ నా రొద కింద అణిగిపోయిన తంబురా నాలుగు తీగలూ నిండుగా, విడివిడిగా పలికాయి.

"దాని మీటు ఇంత బాగుండేదటే" అన్నాడు నరసింగరావు, కళ్లు తుడుచుకుంటూ. నాకు కుళ్లుగా ఉంది.

రెండో చరణం వచ్చింది. వేలు లేచింది. అక్కడ ఏ చప్పుడూ లేదు. పాట ముందుకు వెళ్లిపోయింది, వేలు గాల్లోనే ఉండిపోయింది.

"మీ అత్త గాజులేవే?"

హైమ తెల్లబోయింది. గాజుల కథ ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. "అవి అత్త గాజులా మావయ్యా? గీత పడిందనుకుని తీసేశాను. మొదట ఎక్కించినది కూడా ఉంచుకోలేదు. మళ్లీ ఎక్కించాలి."

మళ్లీ ఎక్కించాలంటే ముల్లు మళ్లీ తాకాలి. ఆ చోటు అప్పటికే బాగా అరిగి ఉంది. ఈసారి నిలుస్తుందో, ముల్లు జారి గాజులు పూర్తిగా పోతాయో చెప్పలేనంది హైమ. నరసింగరావు నన్ను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. చివరికి తనే ముల్లు దించాడు.

నా జన్మలో అంత భయపడుతూ ఎప్పుడూ పాడలేదు. ఆ చోటు వచ్చింది. ముల్లు ఒక్క క్షణం తడబడింది. గాజులు గల్లుమన్నాయి, సన్నగా, కానీ పలికాయి. ఈసారి హైమ ఏదీ తీయలేదు, నా చిటపట కూడా.

ఎనిమిది నెలలైంది. ఆయన రోజూ పొద్దున్నే ఆ అగ్గిపెట్టెలో వింటాడు. ఎన్నిసార్లు విన్నా అది అరగదు. బీరువాలోంచి నేనూ వింటాను. అరిగిపోతే పోనీ, ముల్లు ఇంకొక్కసారి తాకితే చాలుననిపిస్తుంది. కానీ ఆయన నన్ను ఆ పాత జేబురుమాలులోనే చుట్టి దాచాడు. ఈసారి ముడి మాత్రం గట్టిగా వేశాడు.