పహారా మారే చోటు

ఎల్లారెడ్డిలోని విఠలుని మందిరంలో అఖండ నామసప్తాహం జరిగినప్పుడు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు వీణ నేలను తాకదు. మూడు గంటలకొకసారి పాడేవారి పహారా మారుతుంది. వీణ ఒక భుజం మీది నుండి మరొక భుజానికి చేరుతుంది. నామం మాత్రం ఆగదు. నలభై ఏండ్లు ఆ వీణను మోసిన లస్మయ్య ఆ ఉదయం ఒక హార్డ్‌డిస్కును పట్టుగుడ్డలో చుట్టి, కామారెడ్డి దాకా బస్సులో ఒడిలోనే పెట్టుకొని వచ్చాడు. మూడేండ్ల క్రిందటి సప్తాహమంతా అందులో ఒకే ఫైలుగా ఉంది. అతని తోటి పహారాదారు, కీర్తిశేషురాలైన రుక్మాబాయి కంఠం ఈ లోకంలో మిగిలినది అందులోనే. ఆ డిస్కు నెల రోజులుగా కటకటలాడుతున్నది.

భజన పాటలను భద్రపరిచే కార్యాలయంలో సింధూజ దానిని కంప్యూటరుకు తగిలించింది. అక్కడి సర్వరు పెట్టెలోకి ఎక్కినదానిని ఏ ఊరి భజన మండలి అయినా తమ ఊరిలో ఉండే వినవచ్చు.

"బాపూ, ఇది పోతలేదు."

"జాగ లేదా బిడ్డా?"

"జాగకేం తక్కువ? ఇసువంటివి నూరు పడతయి. గని మా పెట్టె పాతది. ఒక్క ఫైలు నాలుగు జీబీలు దాటొద్దంటది. నీది నూటేడున్నది. ఆరు గంటలకొక ముక్క జేసి ఎక్కిస్త."

"అఖండమని సంకల్పం జెప్పుకున్నం. ముక్కలు జేస్తే అది సప్తాహమెట్లయితది?"

"చెయ్యకుంటే వాపసు తీస్కపో. ఎన్నొద్దులు బతుకుతదో మాత్రం నన్నడగకు. ఇప్పటికే దగ్గుతున్నది."

ఆమె మొదటి ముక్కను కోసి, దాని చివర వినిపించింది. రుక్మాబాయి 'విఠ' అన్నది. తరువాత నిశ్శబ్దం.

"ఆపు తల్లీ."

అతడు తన అరచేతులను చూసుకున్నాడు. ఏడు దినాలూ ఒంటరిగా వీణ మోసినవాడు ఎవడున్నాడు? మూడు గంటలకే భుజం ఒరిసిపోతుంది. మేర లేని నామం ఇన్నాళ్లూ మేర గల భుజాల మీదుగానే నడిచి వచ్చింది కదా!

లేచి, చేతికర్రను ఆమె ముందుకు చాచాడు. "ఇది వీణ అనుకో. తీసుకో."

సింధూజ అందుకొని లాగింది.

"గుంజకు. నేనింకా పాడుతనే ఉన్న. నువ్వు గూడ పట్టుకొని పాడు. ఇద్దరి గొంతులు ఒక్కటైనంకనే నేను ఇడుస్త."

కర్రకు చెరొక కొసనూ ఇద్దరూ పట్టుకొని నిలిచారు.

"అంటే ముందటిది ఒడవకముందే తర్వాతిది షురువు గావాలె. ఎంతసేపు ఇద్దరుంటరు బాపూ?"

"అయిదు నిమిషాలు."

"ఆరు గంటలంటే రెండు పహారాలు. కోత సరిగ్గ మార్పు కాడికే వస్తది. గా అయిదు నిమిషాలు రెండిట్ల పెడుత."

ఇరవై ఎనిమిది భాగాలు ఒకదాని వెంట ఒకటి ఎక్కసాగాయి. టిఫిన్ డబ్బా అంత నల్లని పెట్టె. దానిలోకి ఏడు అహోరాత్రాల ఊపిరి ప్రవేశిస్తున్నది. లస్మయ్య చెప్పులు విడిచి నిలబడ్డాడు. పగలు మూడు గంటలయ్యేసరికి చివరిది కూడా చేరింది.

సింధూజ రెండవ భాగాన్ని తెరిచింది. మొదటి దానిలో తెగిన చోటును దాటి రుక్మాబాయి 'విఠల' అని పూర్తిగా పలికింది. ఆమె ఇంకా విడువలేదు. ఆ కంఠం క్రింద, సన్నగా, మరొక కంఠం అందుకుంటున్నది. అది లస్మయ్యదే. అతని కుడిచేయి తనకు తెలియకుండానే వీణ కోసం లేచింది.