గోడకు అవతలి చెయ్యి

ముందు దుమ్ము బయటికి వచ్చింది. మనిషి తరువాత వచ్చాడు.

బూడిద రంగు జుట్టు. బూడిద రంగు కనురెప్పలు. దగ్గితే నోట్లోంచి సిమెంటు పొడి. ఒళ్ళంతా అలా ఉన్నా కుడి అరచెయ్యి మాత్రం శుభ్రంగా ఉంది — అప్పటిదాకా ఎవరో పట్టుకుని, అప్పుడే వదిలినట్టు.

అతని భార్య అది చూసింది. చూసి కూడా పట్టించుకోలేదు. బతికి వచ్చాడు. అది చాలు.

గోడౌను పొద్దున కూలింది. అతను అక్కడ ఎలక్ట్రీషియన్. స్విచ్ బోర్డు బాగుచేయడానికి నేలమాళిగలోకి దిగాడు. ఆమె బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు కాజాలు కుడుతోంది. కబురు వినగానే పరుగెత్తింది. వెళ్ళేసరికి వేలికి దారం చుట్టుకునే ఉంది.

పొద్దంతా ఆ శిథిలాల ముందు నిలబడి ఆమె ఒక్కటే అడిగింది.

దేవుడా, ఆయన ఒంటరిగా ఉండకూడదు. ఎవరో ఒకరు తోడుండాలి.

బతికించమని అడగడానికి నోరు రాలేదు. ఆ పెద్ద కోరిక కోరితే ఉన్నదీ పోతుందేమోనని భయం. అందుకని తోడు అడిగింది. తోడు మాత్రమే.

పొద్దుగూకే వేళకు అతన్ని తీశారు.

గోడౌను వాచ్‌మన్ కూడా లోపలే చిక్కుకున్నాడు. ఆయన్ని మర్నాడు తీశారు. ఆయన బతికి లేడు.

ఇంటికి వచ్చాక అతను చెప్పాడు. నెమ్మదిగా, అటూ ఇటూ చూస్తూ, ఎవరైనా వింటే బాగుండదన్నట్టు చెప్పాడు. చీకట్లో చేతికి గోడలో పగులు తగిలిందట. గాలి వస్తుందేమోనని అందులోకి చెయ్యి దూర్చాడట. గాలి లేదు.

చెయ్యి ఉంది.

వెచ్చగా ఉంది. ఎవరని అడిగితే పలకలేదు. ఏడిస్తే ఊరుకోబెట్టలేదు. కళ్ళు మూతలు పడుతుంటే మాత్రం నొక్కేది. మళ్ళీ పడుతుంటే మళ్ళీ నొక్కేది...

దేవుడి మాట ఎత్తితే నవ్వే మనిషి అతను. "కరెంటు ఉందో లేదో టెస్టరు పెట్టి చెప్తాను. నీ దేవుడికి ఏం పెట్టమంటావ్?" అని ఆమెను ఏడిపించేవాడు. ఈ విషయంలో వాచ్‌మనూ అతనూ ఒకటే జట్టు. దేవుడంటూ ఉంటే తన మోకాళ్ళ సంగతి ఆయనకు తెలియకుండా ఉంటుందా అనేవాడు ఆ పెద్దమనిషి, మెట్టు మెట్టుకూ ఆగుతూ.

అలాంటివాడు ఇప్పుడు ఆమె కళ్ళలోకి చూసి అన్నాడు —

"ఉన్నాడు. నేను పట్టుకుని చూశాను."

ఆమెకు సంతోషం కలగాలి. ఒళ్ళు జలదరించింది.

అడిగింది తనే. దొరికాక భయపడిందీ తనే.

ఆ చేత్తో అతను మళ్ళీ పని చేయలేదు. స్క్రూడ్రైవరు పట్టలేదు. గ్లాసు పట్టలేదు. ఎడమ చేత్తో చెంచా పట్టుకుని తినేవాడు, సగం ఒళ్ళో పోసుకుంటూ. కూతురు ఎత్తుకోమని వస్తే ఎడమ చెయ్యే చాచేవాడు. ఆ పిల్ల కొన్నాళ్ళకు రావడం మానేసింది.

అతను నిద్రపోతుంటే ఆమె తాకి చూసేది. పాదాలు చల్లగా. మెడ చల్లగా. ఆ అరచెయ్యి వెచ్చగా.

నిద్రలో వేళ్ళు ముడుచుకునేవి. విచ్చుకునేవి. ఎవరినో మేలుకోబెడుతున్నట్టు.

ఆనోటా ఈనోటా మాట పాకింది. ముందు కింది ఇంటావిడ వచ్చింది, తలనొప్పి తగ్గడం లేదని. తరువాత ముక్కూ మొహం తెలియని వాళ్ళు వచ్చారు. మెట్ల మీద చెప్పులే చెప్పులు. అతను కళ్ళు మూసుకుని చెయ్యి చాచేవాడు. వాళ్ళు తాకి, కళ్ళు తుడుచుకుని వెళ్ళేవాళ్ళు. తగ్గిందని కొందరన్నారు. తగ్గలేదని చెప్పడానికి ఎవరూ తిరిగి రాలేదు.

ఒక సాయంత్రం వాచ్‌మన్ అక్క వచ్చింది.

వరుసలో చివర నిలబడింది. తన వంతు వచ్చాక చెయ్యి తాకలేదు. అతని ఎదురుగా నేల మీద కూర్చుంది.

"మా తమ్ముడు ఆ పక్కనే ఎక్కడో ఉన్నాడన్నారు నాయనా. ఆ చెయ్యి వాడిదేమో. కాస్త గుర్తు తెచ్చుకో. కుడి బొటనవేలికి గోరుండదు వాడికి. చిన్నప్పుడు తలుపు సందులో పడి ఊడిపోయింది. మళ్ళీ రాలేదు."

అతను కుడి చేతిని ఒళ్ళోకి లాక్కున్నాడు.

"వాడిదైతే, పోయేటప్పుడు వాడి చేతిలో ఒక మనిషి చెయ్యి ఉన్నట్టు. నాకు అంతే కావాలి."

"గుర్తులేదక్కా," అన్నాడు అతను.

ఆమె లేచింది. రేపు మళ్ళీ వస్తానంది. ఆలోచించుకోమంది, తొందరేం లేదంది. తొందరంతా ఆమె గొంతులోనే ఉంది.

ఆమె మెట్లు దిగాక భార్య అడిగింది, నిజంగా గుర్తులేదా అని.

అతను కిటికీ వైపు చూశాడు.

"గోరు లేదు."

అమ్మయ్య అనుకుంది భార్య. మనిషిదే. తెలిసిన మనిషిదే.

"ఏ వేలికీ లేదు," అన్నాడు అతను.

మర్నాడు ఆమె ఫ్యాక్టరీకి సెలవు పెట్టి గోడౌను దగ్గరికి వెళ్ళింది. ఇద్దరినీ బయటికి తీసిన క్రేను డ్రైవరు ఇంకా అక్కడే పనిలో ఉన్నాడు. అడిగితే దాచకుండా చెప్పాడు. వాచ్‌మన్ గేటు పక్క మెట్ల కింద దొరికాడు. ఆ మూల ఎక్కడ, నేలమాళిగ ఉన్న మూల ఎక్కడ! రెండు చేతులూ దూలం కింద నలిగిపోయి ఉన్నాయి. కూలగానే పోయి ఉంటాడు పాపం, ఎక్కువ బాధపడి ఉండడు.

తరువాత ఆమెను నేలమాళిగలోకి తీసుకెళ్ళాడు. పైకప్పు లేదు. మధ్యాహ్నపు ఎండ నేరుగా పడుతోంది. ఒక గోడ మాత్రం నిలబడి ఉంది. గోడకు పగులు.

"దీనికవతల గది లేదమ్మా. మట్టే. కట్టినప్పటి నుంచీ మట్టే."

ఆమె చెయ్యి పెట్టింది. మణికట్టు దాటకముందే తగిలింది. చల్లటి మట్టి. తడి మట్టి. సన్నటి వేళ్ళు అల్లుకున్న మట్టి... చీమ కదిలినా జాడ తెలిసేంత మెత్తగా, ఏ జాడా లేకుండా.

నెత్తిన ఎండ మండుతోంది. ఆమె కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది.

ఇల్లు చేరేసరికి వాచ్‌మన్ అక్క వచ్చి కూర్చుని ఉంది. అతను తల దించుకుని ఉన్నాడు. ఇద్దరి మధ్యా తాగని నీళ్ళ గ్లాసు. ఆ ముసలామె తల తిప్పి చూసిన చూపుకు భార్య గుమ్మంలోనే ఆగిపోయింది.

ఒక మాట చెప్పాలి. ఏ మాట చెప్పినా ఇద్దరిలో ఎవరి ఊరటో ఒకటి పోతుంది.

"మీ తమ్ముడిదేనక్కా. కనుక్కుని వస్తున్నాను."

అతను తలెత్తాడు.

వాచ్‌మన్ అక్క అతని కుడి చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. అందరూ భయంగా తాకిన చెయ్యి అది. ఆమె సంతలో కూరగాయను చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. వేళ్ళ సందుల్లో చూసింది. తమ్ముడు ఎక్కడైనా అంటుకుని ఉన్నాడేమోనని వెతికింది. చెంపకు ఆనించుకుంది.

"ఎంతసేపు పట్టుకున్నాడు నాయనా?"

అతను భార్య వైపు చూశాడు.

"చివరిదాకా," అన్నాడు.

అందులో అబద్ధం లేదు.

ఆమె వెళ్ళిపోయాక అతను అడిగాడు, గోడకు అవతల ఏముందని. మట్టి అంది భార్య. అతను తల ఊపాడు. ముందే తెలిసినవాడిలా ఊపాడు. లేచి తలుపు దగ్గరికి వెళ్ళాడు — మెట్ల మీద అప్పటికే ఎవరో దగ్గుతున్నారు.

భార్య లోపలి గదిలోకి వచ్చింది. కూతురు పడుకుని ఉంది. వేళ కాని వేళ నిద్ర. నుదుటి మీద చెయ్యి వేస్తే కాలిపోతోంది.

అలవాటుగా పెదవుల మీదికి వచ్చింది ఆ పిలుపు. దేవుడా...

అక్కడే ఆగింది.

ఇన్నేళ్ళూ ఎంత ధారాళంగా అడిగింది! వాన కోసం, బస్సు కోసం, మిషను సూది విరగకుండా ఉండడం కోసం. వింటున్నారో లేదో తెలియదు కాబట్టే అంత ధీమా. గోడతో మాట్లాడినట్టు.

ఆ పొద్దున ఒక్కరికే తోడు అడిగింది. ఆ మాట విన్నవాళ్ళు ఒక్కరికే ఇచ్చారు. అదే కప్పు కింద, మెట్ల మూలన, మోకాళ్ళ నొప్పుల మనిషి ఉన్నాడు. ఆయన మాట ఆమె ఎత్తలేదు. గుర్తే రాలేదు.

ఎవరూ వినకపోతే — అది వట్టి మట్టి.

విని ఉంటే?

ఇప్పుడు ఈ పిల్ల పేరు చెప్తే, చెప్పకుండా వదిలేసిన పేరు ఎవరిదవుతుంది?

పిల్ల నిద్రలో మూలిగింది. భార్య పెదవులు విప్పింది. మూసుకుంది.

గదిలో చప్పుడు లేదు. పరదా కదలలేదు. అయినా ఎక్కడో, చాలా దగ్గరగా — సరిగ్గా వినబడడం కోసం ఎవరో కాస్త ముందుకు వంగినట్టు...