సుద్దముక్క రాల్చిన మన్ను

బోధన్ బస్టాండు వెనక వీధిలోని కోచింగ్ సెంటర్లో మార్కండేయ సారు చరిత్ర పాఠం పొద్దున ఎనిమిదింటికి మొదలయ్యేది. మతస్థాపకుల సమాధుల పాఠం చెప్పే వారం మాత్రం ముందు బెంచీని ఖాళీగా ఉంచేవారు. ఆ వారం బోర్డు మీద ఎవరి పేరు రాస్తే వారిని కడసారి సాగనంపిన చోటి మన్ను సుద్దముక్కలోంచి రాలేది. ముందు వరుసలో కూర్చుంటే టిఫిన్ బాక్సుల నిండా దుమ్మే.

సారు దేన్నీ తొందరపడి నమ్మే మనిషి కాడు. రాలినదాని రంగు, తేమ చూసి, గ్రంథాలతో పోల్చి చూసేవాడు. బుద్ధుడి పేరుకు బూడిద ఎనిమిది కుప్పలుగా రాలింది. అస్థికలను ఎనిమిది భాగాలు చేశారన్న మాటకు అది సరిపోయింది. మహావీరుడి పేరుకు తడిమన్ను. చితి మన్నును భక్తులు పిడికెడు పిడికెడుగా తీసుకుపోతే పావాపురిలో చెరువే ఏర్పడిందని జైనులు చెప్పుకొంటారు. మోషే పేరుకు ఏమీ రాలలేదు. ఆయన సమాధి ఎవరికీ తెలియదని బైబిలే అంటుంది. క్రీస్తు పేరుకు రాతిపొడి రాలింది గానీ, పొట్లం కట్టి దాచిన మూడోనాటికి పొట్లంలో ఏమీ లేదు.

గురు నానక్ పేరుకు పూలరేకులు రాలాయి.

"దేహమే దొరకలేదంటిరి గద సారూ, పూలెట్ల రాలినయి?" అడిగింది ఎడపల్లి నుంచి వచ్చే నిరోష.

"దేహం మీద కప్పిన దుప్పటి కింద పూలే దొరికినయట. సగం పూడ్చిండ్రు, సగం కాల్చిండ్రు అని సంప్రదాయం. అంటే, ఈ సుద్దముక్కకు శవంతోని పని లేదమ్మా. మనిషి పేరు మీద ఏది మన్నుల పెడితే దానికే ఇది సాక్ష్యం."

తలుపు దగ్గర చీపురు పట్టుకుని నిలబడ్డ గంగుబాయి ఆ మాట విన్నది. రాలిన మన్నును ఆమె ఏనాడూ చీపురుతో ఊడ్చలేదు. ఉతికిన గుడ్డలోకి ఎత్తి, ఎవరూ తొక్కని చోట, పెరట్లో జామచెట్టు మొదట్లో పోసి వచ్చేది.

క్లాసు అయిపోయాక ఆమె కదలలేదు. "సారూ, నా మొగని పేరు రాయిండ్రి."

తుకారాం గల్ఫుకు పోయి పదకొండేళ్లు. రెండేళ్లు ఫోన్లు వచ్చాయి. ఆ తర్వాత లేవు.

"ఇది పరీక్ష పాఠం, గంగుబాయీ."

"నాకు మాత్రం పరీక్ష కాదా? చెరుకురసం బండి ముత్తన్న యాడాది సంది ఇంటికి రమ్మంటున్నడు. తుకారాం పోయిండని తెలిస్తే పోత. ఉన్నడంటే ఉంట. గింతే."

"ఏమీ రాలకపోతే బతికున్నట్టు కాదు. తెలువనట్టు. రెండూ ఒకటి కావు."

"రాయిండ్రి సారూ," నిరోష అందుకుంది. "రెండువేల ఐదువందల ఏండ్ల కిందటి ముచ్చట్లు నమ్ముతరు గని, మన గంగుబాయక్కను నమ్మరా?"

సారు తుకారాం తండ్రి పేరు, ఊరి పేరు అడిగి, అన్నీ కలిపి రాశాడు. తెల్లటి సుద్దపొడి తప్ప ఏమీ రాలలేదు.

గంగుబాయి బోర్డు దగ్గరికి వచ్చింది. "ఇగ నా పేరు రాయిండ్రి."

"నువ్వు బతికే ఉన్నవు గద!"

"ఏమో సారూ. నాకే అప్పుడప్పుడు అనుమానమొస్తది."

పేరు సగం కూడా పూర్తి కాలేదు, ఇసుక కారడం మొదలైంది. మంజీరలో దొరికే ముతక ఇసుక కాదు. పిండిలా సన్నగా, ముట్టుకుంటే వేడిగా ఉంది. చివరన ఒక నల్లపూసల దండ జారి బల్ల మీద పడింది.

సారుకు పోల్చి చూసే అలవాటు పోలేదు. కింద తన పేరు రాసి చూశాడు. ఏమీ రాలలేదు. నిరోష వైపు తిరిగాడు.

"నా పేరొద్దు సారూ!" ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

గంగుబాయి దండను అరచేతిలోకి తీసుకుంది. "పోయేనాడు నా గుర్తుకని అడిగి తీస్కపోయిండు. నేను సచ్చిపోయిన్నని ఎవలకో చెప్పిండు. నమ్మాలె గద, దీన్ని పూడ్చి చూపెట్టిండు. గాడ మల్ల పెండ్లి చేసుకున్నట్టున్నడు."

"దీనికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు…"

"ఉండొచ్చు సారూ." ఆమె గొంతులో కోపం లేదు. ఇసుకను గుడ్డలోకి ఎత్తి, దండను దాని మీదే పెట్టి మూట కట్టింది. "సచ్చినదానికి మొగడేంది?"

ఆ మధ్యాహ్నమే ఆమె ముత్తన్న ఇంటికి పోయింది. సెంటరుకు మళ్లీ రాలేదు.

నెల తర్వాత సారు చెరుకురసం బండి దగ్గర ఆగాడు. ఆమె వెనక్కి తిరిగి గ్లాసులు కడుగుతోంది. "గంగుబాయీ, మంచిగున్నవా?" అన్నాడు.

ఆమె తల తిప్పలేదు.

ముత్తన్న మిషన్ ఆపి, గొంతు తగ్గించాడు. "ఆ పేరొద్దు సారూ. ఆమెను ఎడారిల పూడ్చిండ్రు."

ఆమె నవ్వుతూ ఇటు తిరిగింది. "నిమ్మకాయ పిండాల్నా సారూ?"

పిండమన్నాడు. ఇప్పుడు నిన్నేమని పిలుస్తున్నారని అడగబోయి, గ్లాసు నోటికి ఆనించుకున్నాడు. పేరు తెలిస్తే, ఆయన రాసి చూడకుండా ఉండలేడు.