పేరువద్దుగారికి సన్మానం

రాజ్యం చోడవరం బోర్డు స్కూల్లో పంతులమ్మ. సర్కారు ఉద్యోగం కాబట్టి రాజకీయాలు రాయకూడదు. అయినా పందొమ్మిదివందల యాభై అయిదు ఎన్నికల ముందు ఉండబట్టలేక ఓ వ్యాసం రాసి, విశాఖపట్నంలోని ఒక వారపత్రికకు పంపింది. మాడుగుల దారిలో ఒకే వంతెనకు బంగార్రాజు అనే నాయకుడు మూడుసార్లు శంకుస్థాపన చేసిన వైనం అది. కింద జాగ్రత్తగా ‘పేరు వద్దు’ అని రాసింది. పత్రికవాళ్లు అదే రచయిత పేరనుకుని అచ్చువేశారు.

ఊళ్లో అందరూ అది ఇంటిపేరనుకున్నారు. రాజ్యం భర్త సత్యారావు, బట్టల కొట్లో గుమాస్తా, అన్నం తింటూ తేల్చిచెప్పాడు.

“పేరువద్దోరంటే తుని కరణాలే. మా నాన్నకి బాగా తెల్సు.”

రాజ్యం నవ్వు దాచుకోలేక చారు వంకతో లేచింది. ఆ పేరుతోనే మరికొన్ని వ్యాసాలు రాసింది.

బంగార్రాజు తెలివైనవాడు. తిడితే లాభం లేదని, ఆ రచయితకు శాలువా కప్పుతానని దండోరా వేయించాడు. సభలో “పేరువద్దుగారు వేదిక మీదకు రావాలి” అని పిలవగానే, ఆడవాళ్లలో కూర్చున్న రాజ్యం తల వంచుకుంది. మగవాళ్లలోంచి సత్యారావు లేచి, వినయంగా వేదికెక్కాడు.

ఇంటికొచ్చాక ఆమె నిలదీసింది. “ఏటండీ ఆ పని?”

“ఆ తుని కరణం రానేలేదు, పేరులోనే ఒద్దన్నాడు గదే. ఒద్దన్నది నాను తీసుకుంటే తప్పేటి?”

మర్నాడే బంగార్రాజు కబురుపెట్టాడు. శాలువా ఊరికే కప్పలేదు. తనను పొగుడుతూ ఒక వ్యాసం కావాలి. సత్యారావు రెండు పూటలు కలం పట్టుకుని ‘శ్రీయుత బంగార్రాజుగారు’ దగ్గరే ఆగిపోయాడు.

“పంతులమ్మవి గదా, నాలుగు ముక్కలు రాసిపెట్టవే. నాకు సెమటలు పడతన్నాయి.”

రాజ్యం కత్తిపీట పక్కకు జరిపి రాసిచ్చింది. సత్యారావు గట్టిగా చదవసాగాడు. “ఇతర నాయకులు వంతెన కట్టేసి చేతులు దులుపుకుంటారు. మన బంగార్రాజుగారు అలా కాదు. ఎన్నికలొచ్చినప్పుడల్లా వెళ్లి, ఆ రాయిని పలకరించి వస్తారు...”

అతని గొంతు తగ్గిపోయింది. భార్య వంక చూశాడు.

“తుని కరణాలు కాదేటి?”

“కాదు.”

సత్యారావు చాప మీద కూలబడ్డాడు. “ఇదిస్తే నన్ను తంతాడే.”

ఇవ్వక తప్పలేదు. బంగార్రాజు చదివి మురిసిపోయాడు. సభల్లో స్వయంగా చదివి వినిపించాడు. జనం పడీపడీ నవ్వి, చప్పట్లు కొట్టి, ఓట్లు మాత్రం అవతలివాడి పెట్టెలో వేశారు.

ఓడిపోయాక ఆయనే సత్యారావును ఓదార్చాడు.

“నువ్వంత బాగా రాసినా జనానికి అర్తం కాలేదు బాబూ.”