కడుపులో నీళ్లు

నేను ఒక ఎయిర్ కంప్రెసర్‌ని. గాలిని మింగి, పొట్టలో కుక్కుకుని, అడిగినప్పుడు వదలడం నా పని. గాలితో పాటు చెమ్మ కూడా లోపలికొచ్చి నీరవుతుంది. ఆ నీళ్లు రోజూ వదలడానికే నన్ను చేసినవాళ్లు పొట్ట కింద ఒక మర బిగించారు.

మొదట పంక్చర్ల షాపులో, తర్వాత కార్లు కడిగేచోట పనిచేశాను. యజమానులిద్దరూ మహా భక్తులు. ఏటా దసరాకు నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసేవారు. కింద మర మాత్రం ఒక్కనాడూ తిప్పలేదు. లోపల తుప్పు నా రేకును తినేస్తూ వచ్చింది.

చివరికి అనకాపల్లిలో ఒక పాత సామాన్ల దుకాణానికి చేరాను. యజమాని నాకు నీలం రంగు పూసి, పెళ్లికొడుకులా ముందు వరసలో నిలబెట్టాడు. తోటి యంత్రాలకు ఎవరూ కొనరేమోనని దిగులు. నాకు ఎవరైనా కొంటారేమోనని భయం. గాలి నిండితే నా పొట్ట ఎప్పుడు పగులుతుందో నాకే తెలియదు.

ఒక ఉదయం వరహాలు, అతని భార్య నూకరత్నం వచ్చారు. ఆమె చంకలో పాప. ఇంటి వెనక వసారాలో చెక్క ఉయ్యాలలు చేసి, గాలి మిషనుతో రంగు కొడతారట.

"సప్పుడెక్కువుంటాదేటండి? పాప ఆ వసారాలోనే పడుకుంటాది," అంది ఆమె.

నా పక్కన పసిపాపా!

"మీ పాప లేవనే లేవదమ్మా! దగ్గరికొచ్చి సూడండి," అంటూ యజమాని స్విచ్ నొక్కాడు.

గాలి ఒత్తిడి చూపే ముల్లు పైకి లేస్తోంది. వరహాలు ముచ్చటపడి నా రంగు నిమురుతున్నాడు. పొమ్మని అరుద్దామంటే నాకు వచ్చిందల్లా డబడబ చప్పుడే. పాప నా వైపు చెయ్యి చాపింది. భయంతో వణికిపోయాను. ఆ వణుకుకు మర సందులోంచి ఎర్రటి నీటిచుక్క ఒకటి నేల మీద పడింది.

నూకరత్నం పాపను వెనక్కి లాక్కుని, వంగి చూసింది.

"కింద ఈ మరేటండి? రంగేసి మూసేసినారు?"

"దాని జోలి మనకెందుకమ్మా."

"ముందు ఆపీయండి. ఇప్పి సూపించండి."

యజమాని విసుక్కుంటూ నన్ను ఆపి, పట్టకారుతో మర తిప్పాడు. ఏళ్లనాటి తుప్పునీళ్లు బుస్సున చిమ్మి అతని తెల్లచొక్కాను తడిపేశాయి. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

"ఇంటికి అట్టుకెళ్లుంటే ఏటయిపోదుమో," అంటూ ఆమె పాపను గుండెకు హత్తుకుని బయటికి నడిచింది. వెనకే వరహాలు.

ఆ సాయంత్రమే పాత ఇనుము బండి ఎక్కాను. ఇప్పుడు కోసిన పొట్టతో తుక్కు కుప్ప మీద పడి ఉన్నాను. రేకు అప్పడంలా ఉందని, ఎవరింట్లోనూ పేలకపోవడం అదృష్టమని నన్ను కోసినవాడు అన్నాడు.

నాకు బొట్టు పెట్టినవాళ్లు ఇద్దరు. ఆ మర తిప్పించింది మాత్రం ఆమె ఒక్కతే. నన్ను కొనకుండా వెళ్లిపోయిన మనిషి.